డ్రయ్యర్ గది తలుపు

శవం ఇంకా వేడిగానే ఉంది.

అందులో వింత లేదు. ఆ గదిలో వేడి డెబ్బై రెండు డిగ్రీలు.

ఎస్సై గడప దగ్గరే ఆగిపోయింది. లోపలి గాలి ముఖానికి కొట్టింది. తడి మట్టి, చేదు వేర్లు కలిసి ఉడికినట్టు వాసన. రెండు పక్కలా ఇనుప అరలు. అరల నిండా, కాఫీలో కలిపే చికోరీ వేరు తరిగిన ముక్కలు ఎండుతున్నాయి. మధ్యలో మనిషి పట్టేంత దారి. ఆ దారి మొదట్లో, సరిగ్గా గడప మీద, ఒక పెద్దాయన పక్కకు ఒరిగి పడి ఉన్నాడు. తలుపు తీయగానే అలా బయటికి ఒరిగాడట. అంటే అప్పటిదాకా తలుపుకు ఆనుకునే ఉన్నాడు.

"టైమెంత?"

"రెండూ ఇరవై మూడు మేడమ్," అన్నాడు కానిస్టేబుల్. "శవాన్ని చూసింది ఒకటీ యాభై అయిదుకి. మనకి ఫోనొచ్చింది రెండూ రెండుకి. మనం జీపెక్కింది..."

"చాలు."

స్టేషన్‌లో అతన్ని అందరూ గడియారం అంటారు. అసలు పేరు జీతాల కాగితంలో తప్ప ఎక్కడా వినపడదు.

చనిపోయినాయన ఈ చికోరీ కార్ఖానాకి పెద్ద మేస్త్రీ. ముప్ఫై ఏళ్ళుగా వేర్లు ఎండబెట్టడం, వేపడం ఆయన చేతి మీదే నడుస్తోంది. వయసు అరవై ఒకటి. గుండెకి స్టెంట్ వేసి ఇంకా ఏడాది కాలేదు.

పోలీసు డాక్టరు చేతులు తుడుచుకుంటూ లేచాడు.

"ఎప్పుడు పోయి ఉంటాడు సార్?"

"ఈ వేడిలో ఒళ్ళు చూసి టైము చెప్పలేనమ్మా. పన్నెండు నుంచి ఒంటిగంటన్నర మధ్య అనుకో. ఇంకా సరిగ్గా చెప్పమంటే అబద్ధం చెప్పాలి."

ఎస్సై తలుపు చూసింది. అరచెయ్యి మందాన ఇనుప తలుపు. చుట్టూ నల్ల రబ్బరు అంచు. బయటివైపు బరువైన గడియ. తలుపు పడితే చాలు, గడియ దానంతటదే పడుతుంది. లోపలివైపు, తోస్తే గడియ లేచే కడ్డీ ఒకటి ఉండాలి. కడ్డీ లేదు. కన్నం ఉంది.

"కడ్డీ ఏది?"

ఓనరు ముందుకొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చెమట పట్టని ముఖం. "విరిగింది మేడమ్. కొత్తది ఆర్డర్ పెట్టాం."

"ఎప్పుడు విరిగింది?"

"ఈ మధ్యే."

"నాలుగు నెలలైంది," అంది వెనక ఎవరో ఆడమనిషి.

ఓనరు వెనక్కి తిరిగేసరికి అక్కడ పన్నెండు మంది కూలీలూ నేలచూపులు చూస్తున్నారు.

ఎస్సై మోకాళ్ళ మీద కూర్చుని గడప పరిశీలించింది. రబ్బరు అంచు కింది మడతలో ఏదో నల్లగా ఇరుక్కుని ఉంది. గోటితో లాగింది. వేపిన చికోరీ ముక్క. బొత్తాంలాగా పల్చగా అణిగిపోయి ఉంది. చుట్టుపక్కల నేల మీద కూడా చికోరీ పడి ఉంది కానీ, అదంతా బూట్ల కింద నలిగిన పొడి.

ముక్కని కవర్లో వేసి జేబులో పెట్టుకుంది. ఎందుకో అప్పటికి ఆమెకీ తెలియదు.

రెండూ యాభైకి అంబులెన్స్ వెళ్ళిపోయింది. గేటుకి తాళం పడింది. ఎవరూ బయటికి వెళ్ళకూడదు.

షెడ్డులో ఊపిరాడటం లేదు. కిటికీలన్నీ బిగించి, సందుల్లో రబ్బరు కుక్కారు. తడిగాలి తగిలితే వేపిన చికోరీ పొడి రాయిలా గడ్డకడుతుందట. అందుకని ఏడాది పొడుగునా అలాగే మూసి ఉంచుతారు. డ్రయ్యర్ ఫ్యాన్లు ఆపకుండా ఘోషిస్తున్నాయి. ఆ మూలన వేర్లు వేపే రోస్టర్ డ్రమ్ము గిర్రున తిరుగుతోంది.

"దాన్ని ఆపరేం?"

డ్రమ్ము పక్కన నిలబడ్డ యువకుడు తల అడ్డంగా ఊపాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చనిపోయినాయన కొడుకు. అందరూ చిన్న మేస్త్రీ అంటారు.

"సగం వాయిలో ఆపితే లోపల నిప్పంటుకుంటుంది మేడమ్. నాలుగున్నరకి గానీ దిగదు."

"నాన్న పోయిన రోజు..."

"నాన్నే నేర్పాడు, సగంలో ఆపకూడదని." అతను ముఖం డ్రమ్ము వైపు తిప్పుకున్నాడు.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ ఫోన్ మూడూ అయిదుకి వచ్చింది.

"ఏమ్మాయ్, ఇంకా అక్కడేం చేస్తున్నావు? ఓనరు నాకంతా చెప్పాడు. మేస్త్రీ కోడలు పొద్దున అందరి ముందూ, మామని గదిలో పెట్టి గడియ వేస్తానంది. మధ్యాహ్నం వేసింది. ఇంకేం కావాలి నీకు?"

"టైము కావాలి సార్. తలుపు ఎప్పుడు పడిందో..."

"లంచ్‌లో పడింది. మిగతా టైమంతా షెడ్డులో పన్నెండు మంది ఉన్నారు. అంతమంది కళ్ళ ముందు తలుపేసే ధైర్యం ఎవరికుంటుంది? ఒంటిగంట నుంచి ఒకటీ నలభై దాకా ఆ కోడలు ఒక్కతే ఉంది. అయిదింటికల్లా ఆమెని స్టేషన్‌లో కూర్చోబెట్టు. లేకపోతే నేనే వస్తా."

ఫోన్ పెట్టేశాడు.

ఎస్సైకి ఉద్యోగంలో ఇది ఎనిమిదో నెల. ఆయన మాటలో తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపించలేకపోతోంది. కానీ ఆయన మాట నమ్మలేకపోతోంది.

డ్రయ్యర్ గదికి పది అడుగుల దూరంలో ల్యాబు. ల్యాబంటే అద్దాల అర. ఒక బల్ల, ఒక తూకం, వరసగా తెల్ల కప్పులు. పెద్ద మేస్త్రీ కోడలు, చిన్న మేస్త్రీ భార్య, స్టూలు మీద వెన్ను నిటారుగా కూర్చుని ఉంది. ముప్ఫై కూడా ఉండవు. వేళ్ళ చివర్లు గోధుమ రంగులోకి మారాయి. ప్రతి వాయినీ రుచి చూసి పాస్ చేసేది ఆమే.

లోపలికి వస్తున్న ఎస్సైని చూసి, అలవాటుగా ఒక కప్పులో వేడి డికాక్షన్ పోసి ముందుకు జరిపింది. పోశాక గాని ఏం చేసిందో గుర్తు రాలేదు కాబోలు, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"కాఫీ నాకు పడదు," అంది ఎస్సై. "గుండె దడ. డాక్టరు మానెయ్యమన్నాడు."

"ఇది కాఫీ కాదు మేడమ్. ఉత్త వేరు. కెఫీన్ ఉండదు. మామయ్య కూడా ఆపరేషన్ అయ్యాక ఇదే తాగేవారు. రోజుకి ఆరుసార్లు."

ఎస్సై ఒక గుక్క తాగింది. చేదు. చేదు వెనక మాడిన చక్కెర లాంటి తీపి. కాఫీ కాదు. కాకపోయినా, నాలుక మోసపోవడానికి సిద్ధంగానే ఉంది.

"పొద్దున ఏమన్నావు? ఆ మాటే చెప్పు. అటూ ఇటూ మార్చకు."

"ఇంకోసారి ఒంటరిగా ఆ గదిలోకి వెళ్తే బయట గడియ పెట్టేస్తాను మామయ్యా, అన్నాను."

"ఎన్నింటికి?"

"ఎనిమిదిన్నరకి."

"ఎవరెవరు విన్నారు?"

"ఎవరు వినలేదని అడగండి."

"ఎందుకన్నావు?"

"లోపలికెళ్ళేటప్పుడు బయట ఒక మనిషిని నిలబెట్టాలి. కడ్డీ విరిగినప్పటి నుంచి అదే రూలు. ఈయన వినరు. రెండు నిమిషాల పనికి మనిషెందుకంటారు. ముక్క విరిచి, కొరికి, ఎండిందో లేదో చూడటం ఆయనకి సరదా. గుండె జబ్బు మనిషి ఆ వేడిలోకి పోవచ్చా మేడమ్?" ఆమె గొంతు ఒక్కసారి పైకి లేచి దిగిపోయింది. "భయపెడదామని అన్నాను. చిన్నపిల్లాణ్ణి భయపెట్టినట్టు."

"ఆయనేమన్నారు?"

"నా దగ్గర రుచి నేర్చుకున్నదానివి, నాకే బుద్ధి నేర్పుతావా అన్నారు. మళ్ళీ మాట్లాడలేదు."

"చివరిసారి ఎప్పుడు చూశావు?"

"పదకొండున్నరకి. నేను పైకి, ఓనరుగారి రూముకి వెళ్తుంటే డ్రమ్ము దగ్గర ఉన్నారు. ఆస్పత్రి క్యాంటీన్‌కి సరుకు కొనేవాళ్ళు వచ్చారు. వాళ్ళకి రుచి చూపించి, పన్నెండూ నలభైకి కిందికొచ్చాను."

"లంచ్‌కి నువ్వొక్కదానివే ఎందుకు వెళ్ళలేదు?"

"ఆయన అలిగి ఇంటికెళ్ళిపోయారని అందరూ అనుకుంటున్నారు. అందరూ నన్నే చూస్తున్నారు. ఆ చూపుల మధ్య కూర్చుంటే ముద్ద దిగుతుందా?" కప్పు అంచుని వేలితో తుడిచింది. "నలభై నిమిషాలు ఇక్కడే కూర్చున్నాను మేడమ్. పది అడుగుల్లో. ఆ ఫ్యాన్ల మోతలో..."

కప్పుని బల్ల మధ్యకి జరిపింది.

అద్దం అవతల నుంచి ఒక గొంతు ఖంగుమంది.

"దాన్ని కూర్చోబెట్టి కాఫీలు తాగుతున్నావా అమ్మా? బాగుంది మీ పోలీసు మర్యాద!"

ఆమె పెద్ద మేస్త్రీకి స్వయానా అక్క. అరవై అయిదేళ్ళ మనిషి. సన్నగా, గట్టిగా, ఎండిన వేరులాగే ఉంది. వాయి దిగినప్పుడల్లా నమూనా పళ్ళెం ల్యాబుకి మోసేది ఆమే. అందుకే కార్ఖానాలో ఆమె పళ్ళెమత్త.

ఎస్సై ఆమెని పక్కకు తీసుకెళ్ళింది.

"మీకెవరి మీద అనుమానం?"

"అనుమానమేంటి? నోటితో చెప్పి మరీ చేసింది. నా తమ్ముడు దానికి రంగు చెప్పాడు, రుచి చెప్పాడు, ఇంట్లో కూతురి కన్నా ఎక్కువ చూశాడు. పాముకి పాలు పోశాడు."

"మీరు ఈరోజు ఆ తలుపు దగ్గరికి వెళ్ళారా?"

"వెళ్ళకపోతే ల్యాబుకి ఎగిరి వెళ్తానా? దారి అదేగా."

"తలుపు వేశారా?"

"నేను ఆ తలుపు మీద చెయ్యి వెయ్యలేదు. పోయిన నా తమ్ముడి మీద ఒట్టు. చాలా?"

అబద్ధం చెప్పేవాళ్ళ కళ్ళు ఎస్సై కొన్ని చూసింది. ఇవి అలాంటి కళ్ళు కావు.

మూడూ ముప్ఫై ఆరు.

"గడియారం, ఈ స్టూలు మీద కూర్చో. నేను లోపలికెళ్ళి ఆ కన్నం చూసొస్తా. తలుపు తెరిచే ఉండాలి."

"నేనుండగా ఈగ కూడా వాలదు మేడమ్."

ఎస్సై లోపలికి నడిచింది. పైన చిన్న బల్బు. వేడి బట్టల్లోంచి దూరి చర్మానికి అంటుకుంది. ఫ్యాన్లు చెవిలో గింగురుమంటున్నాయి. తలుపు లోపలివైపు, నడుము ఎత్తులో, చేతి గుర్తులు. ఒకదాని మీద ఒకటి. వాటిని లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

వెలుతురు సన్నబడింది.

తల తిప్పేలోగా తలుపు పడింది. గడియ టక్కుమంది.

"గడియారం!"

తన అరుపు తనకే సరిగ్గా వినపడలేదు. తలుపు మీద బాదింది. ఇనుము కాలింది. చెయ్యి వెనక్కి తీసుకుని మోచేత్తో బాదింది. గాలి పీలిస్తే ఛాతీలోకి నిప్పు దిగినట్టుంది. కన్నంలో వేలు పెట్టి చూసింది. వేలు ఎక్కడికీ చేరలేదు.

ఇప్పుడు తీస్తాడు. ఇప్పుడే తీస్తాడు.

తియ్యలేదు.

చెమట కళ్ళల్లోకి కారింది. గుండె దడదడలాడింది. మూడు వారాలుగా కాఫీ ముట్టని గుండె. ఆమె మొబైల్ తీసింది. సిగ్నల్ లేదు. మళ్ళీ బాదింది. తన అరచేతులు ఆ పాత గుర్తుల మీదే పడుతున్నాయని అప్పుడు గమనించింది.

తలుపు తెరుచుకుంది.

"మేడమ్! మీరు లోపలున్నారా? టైము చాలాసేపయిందే అని..."

ఆమె అతన్ని తోసుకుంటూ బయటికొచ్చి, నేల మీద కూర్చుండిపోయింది.

"ఎంతసేపు?"

"నాలుగు నిమిషాల పది సెకన్లు."

"తలుపు ఎవరేశారు?"

"ఎవరూ వెయ్యలేదు మేడమ్. కన్ను ఆర్పకుండా కూర్చున్నా."

"ఇటు ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదు. చిన్న మేస్త్రీ బస్తా మోసుకుపోయాడు. అంతే."

"గుర్తు తెచ్చుకో. ఇక్కడికి వచ్చి ఏం చేశాడు?"

గడియారం నోరు తెరిచాడు. కళ్ళు మూసుకున్నాడు. ముఖం పాలిపోయింది.

"భుజంతో... ఇలా... తోశాడు మేడమ్. తోసి వెళ్ళిపోయాడు. నేను చూశాను. చూశాను గాని..."

"గాని పట్టించుకోలేదు."

చిన్న మేస్త్రీని పిలిచారు. "తలుపు వేశావా?" అంటే, "నేనా? లేదు మేడమ్," అన్నాడు. అమాయకంగా, వెంటనే. గడియారం చెప్పింది విన్నాక అతని చెయ్యి తన భుజం మీదికే వెళ్ళింది.

"డ్రయ్యర్ తలుపు తెరిచుంటే వేడి పోతుంది మేడమ్. ఎవరు ఇటు పోయినా తోసేస్తారు. చేరిన మొదటి రోజే నేర్పుతారు. రోజుకి నలభై సార్లు... తోశామని కూడా..." అతను ఆగిపోయాడు. "అయితే నాన్నని కూడా నేనే..."

"ఆగు. తెలియదు."

"నేనేనేమో!"

"ఆగమన్నానా?"

పన్నెండు మంది కళ్ళ ముందు ఎవరికీ తలుపేసే ధైర్యం ఉండదన్నాడు సర్కిల్. ధైర్యం అక్కర్లేదు. పన్నెండు మందీ చూసే ఉంటారు. రోజూ చూసేదే కాబట్టి ఎవరూ చూడలేదు.

అయితే ఎప్పుడు? ఎవరు?

ఎస్సై జేబులోంచి కవరు తీసింది.

"ఇదేంటో చెప్పు."

అతను కళ్ళు తుడుచుకుని చూశాడు. "మన చికోరీయే. వేపింది."

"నేల మీదవన్నీ పొడైపోయాయి. ఇది ఇలా అణిగిందేం?"

"ఇది వేడిగా ఉన్నప్పుడు నలిగింది. డ్రమ్ములోంచి దించగానే ముక్క బెల్లప్పాకంలాగా మెత్తగా ఉంటుంది మేడమ్. నొక్కితే సాగుతుంది. చల్లారిందంటే గాజే. పటుక్కున పగులుతుంది."

"చల్లారడానికి ఎంతసేపు?"

"విడి ముక్కయితే పది నిమిషాలు. అదే ఎక్కువ."

"ఇది తలుపు రబ్బరు మడతలో ఉంది. తలుపు కిందే అణిగింది. రబ్బరు ఎప్పుడైనా తుడుస్తారా?"

"పచ్చి ముక్కలు నింపినప్పుడల్లా తడిగుడ్డతో తుడుస్తాం. జిగురు అంటుతుంది కదా. ఈరోజు పదిన్నరకి నేనే తుడిచాను."

"ఆ తరవాత వాయి ఎప్పుడు దిగింది?"

"పదకొండూ నలభై. ఒక్కటే. ఇంకొకటి ఇప్పుడు తిరుగుతోంది. పొద్దుటి వాయి దించేటప్పటికే నాన్న కనపడలేదు, ఒకటీ యాభై అయిదు దాకా ఆ తలుపు ఎవరూ తియ్యలేదు."

ఎస్సై ఊపిరి నిదానంగా వదిలింది. పదకొండూ నలభై నుంచి యాభై మధ్య తలుపు పడింది. పదకొండున్నర నుంచి పన్నెండూ నలభై దాకా కోడలు పైన, ఓనరు ఎదురుగా, బయటివాళ్ళ ముందు కప్పులు పోస్తూ ఉంది.

"వాయి దించాక నువ్వెక్కడుంటావు?"

"డ్రమ్ము దగ్గరే. పావుగంట జల్లెడ కదుపుతూనే ఉండాలి. లేకపోతే అంతా ముద్దకట్టేస్తుంది. అందరూ అక్కడే ఉంటాం."

"అయితే నువ్వు కాదు."

అతను గోడ పట్టుకున్నాడు.

"మరి చల్లారకముందే ఆ ముక్కల్ని ఇటువైపు తెచ్చేదెవరు?"

చిన్న మేస్త్రీ వద్దన్నట్టు ఆమె ముఖంలోకి చూశాడు. దూరంగా ఒక బస్తా మీద కూర్చుని, పళ్ళెమత్త కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది.

"మేడమ్," అన్నాడు నెమ్మదిగా. "ఆవిడకి మా నాన్నే లోకం."

"తెలుసు. ఎవరితోనూ అనకు."

సర్కిల్ జీపు నాలుగూ పద్దెనిమిదికి గేటు దాటింది. వెనక సీటులో ఆడ కానిస్టేబుల్ ఉంది. కోడలి కోసమే వచ్చింది.

"ఏదీ ఆమె?"

"పదిహేను నిమిషాలివ్వండి సార్."

"మళ్ళీ టైమా?"

"అంతా ఇక్కడే ఉన్నారు. ఒక్కసారి వినండి."

షెడ్డు మధ్యలో అందరూ నిలబడ్డారు. ఓనరు రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. ఇప్పుడు చెమట పట్టింది. కోడలు ల్యాబు గుమ్మంలో నిలబడింది. ఆమెకి అటూ ఇటూ ఎవరూ లేరు. ఎవరూ దగ్గరికి పోలేదు.

ఎస్సై ముక్క చూపించింది. వేడి గురించి, పది నిమిషాల గురించి చెప్పింది. ల్యాబులోంచి చల్లారిన ముక్క ఒకటి తెచ్చి గడప మీద పెట్టి తలుపు మూసింది. పటుక్కుమంది. తలుపు తీస్తే పొడి.

"తలుపు పడింది పదకొండూ నలభై తరవాత, పది నిమిషాల్లో. ఆ టైములో ఈ అమ్మాయి ఎక్కడుంది ఓనరుగారూ?"

ఓనరు రుమాలు మడతపెట్టాడు.

"మిమ్మల్నే."

"నా రూములో."

"ఎవరి ఎదురుగా?"

"నా ఎదురుగా."

"ఆ సంగతి సర్కిల్‌గారికి ఎందుకు చెప్పలేదు?"

"అది... లంచ్‌లో జరిగిందనుకుని..."

సర్కిల్ అతని వైపు ఒకసారి చూసి, ఎస్సై వైపు తిరిగాడు. "సరే. ఈమె కాదు. మరి ఎవరు? ముక్క నడిచి రాలేదు కదా?"

ఎస్సై చెప్పెయ్యొచ్చు. చెబితే ఆ ముసలావిడ నమ్మదు. మళ్ళీ ఒట్టు వేస్తుంది. సర్కిలూ నమ్మడు. రేపు కోర్టులో ఎవడో లేచి, అక్క తమ్ముణ్ణి చంపుతుందా అంటాడు. మళ్ళీ వేళ్ళన్నీ కోడలి వైపే తిరుగుతాయి. ఆమెని బయటపడెయ్యడానికి ఒక్కటే దారి కనపడింది. ఆ దారి ఎస్సైకి నచ్చలేదు.

"వాయి దించండి," అంది.

నాలుగూ ముప్ఫై ఒకటి. డ్రమ్ము నోరు తెరుచుకుంది. నల్లటి ముక్కలు పొగలు కక్కుతూ జల్లెడ మీద పడ్డాయి. మాడిన తీపి వాసన షెడ్డంతా కమ్మేసింది. చిన్న మేస్త్రీ జల్లెడ కదుపుతూనే ఉన్నాడు.

ఎస్సై డ్రయ్యర్ తలుపు సగం తెరిచి వదిలింది. లోపల ఎవరూ లేరని రెండుసార్లు చూసుకుంది.

"పెద్దమ్మా, రోజూ ఎలా తీసుకెళ్తారో అలాగే నమూనా ల్యాబుకి తీసుకెళ్ళండి."

"ఇప్పుడా? ఎందుకట?"

"పని ఆగకూడదు కదా."

ఆ మాట ఆవిడకి అర్థమైంది. లేచింది. కొంగు దోపుకుంది. మందపాటి గుడ్డతో పళ్ళెం రెండు చేతులా పట్టుకుని వేడి ముక్కలు నింపుకుంది. నడిచింది. వేగంగా, కాళ్ళు ఎక్కడ పడాలో కాళ్ళకే తెలిసినట్టు. చూపంతా పళ్ళెం మీదే.

డ్రయ్యర్ గది దగ్గరికి వచ్చింది.

ఆగలేదు. నడుము పక్కకి వంచి తలుపుని ఒక్క తోపు తోసింది. పళ్ళెం ఒరిగి ఒక ముక్క గడప మీద రాలింది. గడియ టక్కుమంది.

ఆవిడ అప్పటికే ముందుకు వెళ్ళిపోయింది. పళ్ళెం తెచ్చి ల్యాబు బల్ల మీద పెట్టింది. చేతులు దులుపుకుంటూ వెనక్కి తిరిగింది.

సర్కిల్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఏంటి? అంతా అలా చూస్తారేం?" అంది పళ్ళెమత్త.

ఆవిడ వాళ్ళ చూపుల వెంటే చూసింది. తలుపు కనిపించింది.

"ఇందాక తెరిచి ఉందిగా? ఎవరేశారు?"

చిన్న మేస్త్రీ జల్లెడ కదపడం ఆపేశాడు.

"ఎవరేశారంటే చెప్పరేం?" ఆవిడ గొంతు సన్నబడింది. దగ్గర్లో ఉన్నది కోడలు ఒక్కతే. "నువ్వు చెప్పవే. ఎవరేశారు?"

కోడలు పెదాలు తడుపుకుంది. పొద్దున్నుంచి ఎంతమందికి నిజం చెప్పినా ఒక్కరూ నమ్మలేదు. ఇప్పుడు అబద్ధం చెబితే అందరూ ఊరుకునేలా ఉన్నారు.

"మీరే పెద్దత్తయ్యా," అంది.

ఆవిడ తన రెండు చేతుల వైపూ చూసుకుంది. తిప్పి చూసుకుంది. "నేను చెయ్యి వెయ్యలేదే," అంది. ఆ తరవాత చెయ్యి నెమ్మదిగా నడుము మీదికి వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది.

అరుస్తుందనుకున్నారు. అరవలేదు. బల్ల అంచు పట్టుకుని నేల మీదికి జారిపోయింది.

ఓనరు అందరికన్నా ముందు తేరుకున్నాడు. "పాపం. అయితే ఇది యాక్సిడెంటే కదా సార్? కేసేమీ లేనట్టేగా?"

సర్కిల్ ఎస్సై వైపు చూశాడు. నువ్వే చెప్పు అన్నట్టు.

"ఉంది సార్," అంది ఎస్సై. "కడ్డీ విరిగి నాలుగు నెలలు. తెలిసి ఒక మనిషిని చావుకి వదిలేసినందుకు కేసు. తెలిసిన నిజం దాచి ఈ అమ్మాయిని ఇరికించబోయినందుకు ఇంకోటి. జీపు గేటు దగ్గరే ఉంది. ఎక్కండి ఓనరుగారూ."

"నేను మీ పైవాళ్ళతో మాట్లాడాలి."

"దార్లో మాట్లాడొచ్చు," అన్నాడు సర్కిల్.

గేటు తాళం తీశారు. కూలీలు ఒక్కొక్కరే బయటికి జారుకున్నారు. ఒకళ్ళిద్దరు తమ భుజాలు తడుముకుంటూ పోవడం ఎస్సై చూసింది.

ఎస్సై వచ్చి పళ్ళెమత్త ముందు కూర్చుంది. "మీరు సాక్షి. అంతే. ముద్దాయి కాదు."

"నన్ను కూడా తీసుకుపోమ్మా," అంది ఆవిడ. "ఇంటికి ఏ మొహం పెట్టుకుని పోను?"

కోడలు గుమ్మంలోంచి కదిలి వచ్చి, చెయ్యి చాపింది.

"వాడి కొడుకు మొహం చూడలేనే," అంది ఆవిడ, ఆ చేతిని అందుకోకుండా. "నీ మొహం అసలే చూడలేను. నిన్ను ఎన్నేసి మాటలన్నాను!"

"పొద్దున ఆ మాట అన్నది నేను పెద్దత్తయ్యా. ఆ మాటకే ఆయన ఎవరికీ చెప్పకుండా లోపలికెళ్ళారు. నా మొహం నేనెక్కడ పెట్టుకోను?" కోడలు చెయ్యి అలాగే చాపి ఉంచింది. "లేవండి."

ఆవిడ ఆ చెయ్యి పట్టుకుంది.

ఇద్దరూ షెడ్డు గుమ్మం దాకా వచ్చారు. గేటు బార్లా తెరిచి ఉంది. అవతల రోడ్డు మీద మామూలు సాయంత్రం, మామూలు మనుషులు.

గుమ్మం దగ్గర ఆగి, ఇద్దరిలో ఎవరూ ముందుగా కాలు బయట పెట్టలేదు.